పెరోవ్‌స్కైట్ సోలార్ సెల్: ఎలక్ట్రాన్ పొరను డోప్ చేసి మెరుగుపరచడం ఎలా?

పెరోవ్‌స్కైట్ సెల్ చేసేవాళ్ల శ్రద్ధంతా వెలుతురును పీల్చుకునే ఆ నల్లటి పెరోవ్‌స్కైట్ స్ఫటిక పొర మీదే ఉంటుంది. స్ఫటికాలు ఎంత పెద్దవి వచ్చాయి, రంగు సమంగా పరుచుకుందా, లెడ్ అయొడైడ్ మిగిలిపోయిందా అని పదేపదే చూస్తారు. దాని అడుగున ఉండే ఎలక్ట్రాన్ రవాణా పొరను మాత్రం ఎవరో ఇచ్చిన రెసిపీ ప్రకారం వేసేసి ముందుకు వెళ్లిపోతారు. దాని మందం 20 నుంచి 40 నానోమీటర్లే. కానీ వెలుతురు పుట్టించిన ప్రతి ఎలక్ట్రానూ బయటి సర్క్యూట్‌లోకి రావాలంటే ఆ పొరను దాటాల్సిందే. వోల్టేజీ ఎక్కువగా జారిపోయేది కూడా ఆ పొర పెరోవ్‌స్కైట్‌ను తాకే సరిహద్దులోనే.

2009లో జపాన్‌లో మియసాక బృందం చేసిన మొదటి సెల్ సామర్థ్యం 3.8%. ఇప్పుడు వెలుతురును పీల్చే పొర ఒక్కటే ఉన్న సెల్‌లు 26% దాటాయి. తొలి ఏళ్లలో ఎదుగుదల ఎక్కువగా పెరోవ్‌స్కైట్ పొరను బాగుచేయడం వల్ల వచ్చింది. ఆ తర్వాత సరిహద్దుల వంతు వచ్చింది. 2021లో కెమికల్ బాత్ పద్ధతిలో టిన్ ఆక్సైడ్ పొరను జాగ్రత్తగా పెంచినవాళ్లు 25.2% సర్టిఫై చేయించుకున్నారు. అదే ఏడాది టిన్ ఆక్సైడ్‌కూ పెరోవ్‌స్కైట్‌కూ మధ్య క్లోరిన్ బంధాలతో ఒక అంతర పొర ఏర్పరచిన మరో బృందం 25.5%కి చేరింది. ఎలక్ట్రాన్ పొర మీద పెట్టిన శ్రమ ఊరికే పోదు.

ఇక్కడ ఉదాహరణగా ఎన్-ఐ-పీ సెల్ (ఎలక్ట్రాన్ పొర పెరోవ్‌స్కైట్ అడుగున ఉండే రకం) తీసుకుంటున్నాను: గాజు మీద ఎఫ్‌టీవో (కరెంటును మోసే పారదర్శక పూత), దాని మీద ఎలక్ట్రాన్ పొరగా టిన్ డయాక్సైడ్, ఆపైన పెరోవ్‌స్కైట్, స్పైరో (ధనావేశాలను మోసే సేంద్రీయ పొర), బంగారం. డోపంట్ (పొర గుణాన్ని మార్చడానికి అందులో కొద్దిగా కలిపే పదార్థం, అలా కలపడమే డోపింగ్) నయోబియం. మీ చేతిలో డోపింగ్ లేని సెల్ ఇప్పటికే నిలకడగా వస్తోందని అనుకుని రాస్తున్నాను. ఒక బ్యాచ్‌లో 18%, మరో బ్యాచ్‌లో 13% వస్తుంటే డోపింగ్ జోలికి వెళ్లకండి. ఆ ఊగిసలాటలో డోపంట్ చేసిన మేలు, కీడు రెండూ కనబడవు.

ముందు జబ్బేమిటో తేల్చుకోండి

మీ మామూలు సెల్ జే-వీ కర్వ్ (వోల్టేజీ మారుతుంటే కరెంటు ఎలా మారుతుందో చూపే గీత) తీసి ముందు పెట్టుకోండి. ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ (కరెంటు సున్నా అయ్యే చోటు) దగ్గర గీత నిటారుగా దిగకుండా వాలిపోయి, ఫిల్ ఫ్యాక్టర్ (గీత దీర్ఘచతురస్రానికి ఎంత దగ్గరగా ఉందో చెప్పే సంఖ్య) పడిపోతే సిరీస్ రెసిస్టెన్స్‌ను అనుమానించండి. ఫిల్ ఫ్యాక్టర్ బాగానే ఉండి వోల్టేజీ తక్కువగా ఉంటే సరిహద్దులో రీకాంబినేషన్ (ఎలక్ట్రాన్‌లు బయటికి రాకుండా ధనావేశాలతో కలిసి వృథా కావడం) జరుగుతోందని అర్థం. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి స్కాన్ చేసినప్పుడు రెండు గీతలూ విడిపోతుంటే అయాన్ల కదలికతోపాటు సరిహద్దు ట్రాప్‌లు (ఎలక్ట్రాన్‌లను పట్టేసే లోపాలు) కూడా కారణం కావచ్చు. ఎండలో పెట్టిన కాసేపటికే సెల్ నీరసపడిపోతూ, అడుగున టైటానియం ఆక్సైడ్ ఉంటే అతినీలలోహిత కాంతి మీద దృష్టి పెట్టాలి.

ఒక్కో జబ్బుకు ఒక్కో మందు. అందుకే "డోపింగ్ చేస్తే వాహకత పెరుగుతుంది, కాబట్టి సెల్ బాగుపడుతుంది" అన్న మాటను కాగితం మీద లెక్క వేసి చూడాలి. పొర మందాన్ని వాహకతతో భాగిస్తే చదరపు సెంటీమీటరుకు రెసిస్టెన్స్ వస్తుంది. 30 నానోమీటర్ల పొర వాహకత సెంటీమీటరుకు లక్షో వంతు సీమెన్స్ అనుకుందాం. రెసిస్టెన్స్ 0.3 ఓమ్ చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 20 మిల్లీ ఆంపియర్ల కరెంటు దాని గుండా పోతే నష్టపోయేది 6 మిల్లీవోల్టులు. వాహకతను పదింతలు చేసినా మీకు దక్కేది ఐదున్నర మిల్లీవోల్టులే.

ఇదే లెక్క 150 నానోమీటర్ల మీసోపోరస్ (సన్నటి రంధ్రాలున్న) టైటానియం ఆక్సైడ్‌కు వేయండి. వాహకత అంతకన్నా పదింతలు తక్కువ అనుకుంటే రెసిస్టెన్స్ 15 ఓమ్ చదరపు సెంటీమీటర్లు, నష్టం 300 మిల్లీవోల్టులు. నిజమైన సెల్‌లో రంధ్రాల నిండా ఉన్న పెరోవ్‌స్కైట్ కూడా కరెంటును మోస్తుంది, వెలుతురులో ఆక్సైడ్ వాహకత కొంత పెరుగుతుంది, కాబట్టి నష్టం ఇంత ఉండదు. అయినా తేడా ఎక్కడుందో ఈ లెక్క చెబుతోంది. 2016లో మీసోపోరస్ టైటానియం ఆక్సైడ్‌ను లిథియం ఉప్పుతో డోప్ చేసినప్పుడు సామర్థ్యం 17% నుంచి 19% పైకి వెళ్లింది. మందమైన పొరలో రవాణా మెరుగుపడితే అంత ఫలితం ఉంటుంది.

పలుచటి పొరలో కథ వేరు. కాలువను వెడల్పు చేయడం ఒక పని, అందులో పూడిక తీయడం మరో పని. 30 నానోమీటర్ల టిన్ ఆక్సైడ్‌లో మంచి డోపంట్ ఎక్కువగా చేసేది రెండో పనే. ట్రాప్‌లను నింపుతుంది, ఆక్సిజన్ ఖాళీల సంఖ్యను మారుస్తుంది, ఫెర్మి స్థాయిని (ఎలక్ట్రాన్‌లు ఏ శక్తి దాకా నిండి ఉన్నాయో చెప్పే గుర్తును) జరుపుతుంది, పైన పెరిగే పెరోవ్‌స్కైట్ స్ఫటికాల తీరును కూడా మారుస్తుంది. ఈ నాలుగింటిలో మీ సెల్‌ను బాగుచేసింది ఏదో తెలియాలంటే సెల్ కట్టకముందే పొరను విడిగా కొలవాలి. నేను ఈ పద్ధతినంతా ఆ ఒక్క పట్టుదల చుట్టూ పేర్చాను.

డోపంట్‌ను ఎంచుకోవడం

టిన్ డయాక్సైడ్‌లో టిన్ నాలుగు ధనావేశాలతో ఉంటుంది. ఆ చోట ఐదు ధనావేశాలున్న అయాన్ కూర్చుంటే ఒక ఎలక్ట్రాన్ మిగులుతుంది. నయోబియం, టాంటలం, యాంటిమొనీ అలాంటివి. కూర్చోవాలంటే సైజు కూడా కుదరాలి. టిన్ అయాన్ వ్యాసార్ధం 0.69 ఆంగ్‌స్ట్రామ్‌లు. నయోబియం, టాంటలం రెండూ 0.64, యాంటిమొనీ 0.60. మూడూ ఇముడుతాయి. లాంథనం 1.03 ఆంగ్‌స్ట్రామ్‌లు. టిన్ చోట అది పట్టదు. కానీ బేరియం స్టానేట్‌లో పెద్దదైన బేరియం చోట హాయిగా కూర్చుంటుంది. 2017లో లాంథనం డోప్ చేసిన బేరియం స్టానేట్‌తో 21.2% సామర్థ్యం సాధించారు. అతినీలలోహిత కాంతికి తట్టుకోవడంలో కూడా అది టైటానియం ఆక్సైడ్‌ను మించింది.

మూడు ధనావేశాలున్న అల్యూమినియం, ఒక్కటే ఉన్న లిథియం ఎలక్ట్రాన్‌లను ఇచ్చే రకాలు కావు. అయినా అవి పనికొస్తాయి. టైటానియం ఆక్సైడ్‌లో అల్యూమినియం ఆక్సిజన్ లోపాలను అణచిపెట్టి అతినీలలోహిత కాంతి వల్ల వచ్చే చెడును తగ్గిస్తుంది. లిథియం కొంత టైటానియంను క్షయీకరించి లోతైన ట్రాప్‌లను నింపుతుంది. కాబట్టి ఆవర్తన పట్టికలో ధనావేశం చూసి ఆగిపోకండి. మీ జబ్బు వాహకతా, ట్రాప్‌లా, శక్తి స్థాయిల పొంతనా అన్నది ముందు చూసి ఆ తర్వాత మూలకాన్ని వెతకండి.

జింక్ ఆక్సైడ్ గురించి ఒక్క మాట. ఎలక్ట్రాన్‌లు అందులో చకచకా కదులుతాయి. కానీ దాని ఉపరితలానికి క్షార స్వభావం ఎక్కువ. మిథైల్ అమ్మోనియం నుంచి ప్రోటాన్ లాగేసుకుని, వేడి చేయగానే పెరోవ్‌స్కైట్‌ను పసుపు లెడ్ అయొడైడ్‌గా మార్చేస్తుంది. డోపింగ్ ఒక్కదానితో ఆ గుణాన్ని పూర్తిగా పోగొట్టలేరు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు టిన్ ఆక్సైడ్ దగ్గరే ఉండటం మేలు.

చాలామంది దాటేసే ప్రశ్న ఒకటుంది: డోపంట్‌ను ఏ దశలో కలపాలి? మార్కెట్‌లో దొరికే టిన్ ఆక్సైడ్ కొలాయిడ్‌ను నీళ్లతో పల్చన చేసి, పూత వేసి, 150 డిగ్రీల దగ్గర అరగంట కాల్చడం అందరికీ తెలిసిన పద్ధతి. ఆ కొలాయిడ్‌లో కణాలు అప్పటికే తయారై ఉంటాయి. అందులో ఏ లోహపు ఉప్పు వేసినా 150 డిగ్రీల వేడికి ఆ అయాన్ స్ఫటికం లోపలికి చొరబడదు. కణాల పైపూతగా ఉండిపోతుంది. దాంతో కూడా మేలు జరగవచ్చు. పొటాషియం, క్లోరైడ్, ఈడీటీఏ (లోహ అయాన్లను పట్టుకునే సేంద్రీయ ఆమ్లం) లాంటివి కొలాయిడ్‌లో కలిపి మంచి ఫలితాలు సాధించినవాళ్లున్నారు. 2018లో ఈడీటీఏ కలిపిన టిన్ ఆక్సైడ్‌తో 21.5% పైన సర్టిఫై అయింది. కానీ అది ఉపరితల చికిత్స. స్ఫటికం లోపలికే డోపంట్ వెళ్లాలంటే టిన్ ఆక్సైడ్ ఇంకా ఏర్పడకముందు, ద్రావణ దశలోనే కలపాలి. అందుకే మనం టిన్ క్లోరైడ్‌తో మొదలుపెట్టే సోల్-జెల్ (ద్రావణం నుంచే ఆక్సైడ్‌ను ఏర్పరచే) దారి పడుతున్నాం.

ద్రావణాలు కలపడం

మిల్లీగ్రాముల్లో డోపంట్‌ను తూచి ఒక్కో సీసాలో వేయడం పెద్ద పొరపాట్లకు దారితీస్తుంది. 10 మిల్లీలీటర్ల 0.1 మోలార్ ద్రావణంలో 1% నయోబియం కలపాలంటే 2.7 మిల్లీగ్రాముల నయోబియం పెంటాక్లోరైడ్ తూచాలి. తేమను పీల్చుకుంటూ పొగలు కక్కే ఆ పొడిని అంత కచ్చితంగా తూచడం కుదిరే పని కాదు. దీనికి సులువైన ఉపాయం ఉంది. టిన్, నయోబియం ద్రావణాలు రెండూ ఒకే గాఢతలో, ఒకే ద్రావణిలో చేసుకోండి. ఆపైన ఘనపరిమాణం ప్రకారం కలిపితే చాలు. 99 పాళ్లు టిన్, 1 పాలు నయోబియం అంటే సరిగ్గా 1%. మొత్తం లోహం గాఢత కూడా మారదు కాబట్టి పొర మందం అదుపులో ఉంటుంది.

టిన్ ద్రావణానికి 50 మిల్లీలీటర్ల ఇథనాల్‌లో 1.128 గ్రాముల టిన్ క్లోరైడ్ డైహైడ్రేట్ కరిగించండి. నయోబియం ద్రావణానికి 5 మిల్లీలీటర్ల నిర్జల ఇథనాల్‌లో 135 మిల్లీగ్రాముల నయోబియం పెంటాక్లోరైడ్. ఈ పొడి సీసాను పొడి నైట్రోజన్ ఉన్న గ్లోవ్‌బాక్స్‌లోనే తెరిచి, అక్కడే తూచి, మూసిన చిన్న సీసాలో బయటికి తెండి. ఇథనాల్‌లో వేసేటప్పుడు హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, వేడి పుడుతుంది. కొంచెం కొంచెంగా వేయాలి, మూత బిగించకూడదు, ఫ్యూమ్ హుడ్ కింద ఉండాలి.

తర్వాత ఐదు సీసాలు వరసగా పెట్టుకోండి. ఒక్కోదాంట్లో మొత్తం 10 మిల్లీలీటర్లు వచ్చేలా కలపాలి. మొదటిది పూర్తిగా టిన్ ద్రావణం. మిగతా నాలుగింటిలో నయోబియం ద్రావణం 50, 100, 200, 400 మైక్రోలీటర్లు, మిగిలింది టిన్. అప్పుడు 0, 0.5, 1, 2, 4 శాతాలు వస్తాయి. మొదటి సీసాను కూడా మిగతావాటితోపాటే, అదే స్టర్రర్ మీద, అంతే సేపు తిప్పండి. టిన్ క్లోరైడ్ ద్రావణం గాలిలో ఉంటూ మెల్లగా మారుతుంది. నిన్న చేసిన డోపింగ్ లేని ద్రావణాన్ని ఇవాళ చేసిన డోపింగ్ ద్రావణంతో పోలిస్తే మీరు కొలిచేది వయసు తేడాను. వాడేముందు 0.22 మైక్రాన్ పీటీఎఫ్ఈ ఫిల్టర్ గుండా పంపండి. ద్రావణం పాలలా మసకబారితే నయోబియం హైడ్రాక్సైడ్‌గా విడిపోయిందని అర్థం, పారబోయండి.

డోపంట్‌తో వచ్చే రుణ అయాన్‌ను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఇక్కడ 1% నయోబియంతో వచ్చే అదనపు క్లోరైడ్ టిన్ ద్రావణంలో ఉన్నదానికి రెండున్నర శాతమే, కాబట్టి పెద్దగా ఆందోళన అక్కర్లేదు. అదే కొలాయిడ్‌లో పొటాషియం క్లోరైడ్ వేశారనుకోండి, మేలు చేసింది పొటాషియమా క్లోరైడా? అమ్మోనియం క్లోరైడ్‌తో ఒక కంట్రోల్, పొటాషియం నైట్రేట్‌తో మరో కంట్రోల్ పెట్టకుండా మీకు జవాబు దొరకదు. కొలాయిడ్‌లో నిలకడ కోసం తయారీదారు ముందే పొటాషియం వేసి ఉండే అవకాశం ఉంది, ఆ లేబుల్ కూడా చదవండి.

పూత

ఎఫ్‌టీవో గాజును డిటర్జెంట్, డీఅయొనైజ్డ్ నీళ్లు, ఎసిటోన్, ఐసోప్రొపనాల్‌లో వరసగా 15 నిమిషాల చొప్పున అల్ట్రాసోనిక్‌లో కడిగి, ఆరబెట్టి, 15 నిమిషాలు యూవీ-ఓజోన్‌లో పెట్టండి. దాని మీద ద్రావణం వేసి 3000 ఆర్‌పీఎం దగ్గర 30 సెకన్లు స్పిన్ చేయండి. 100 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు ఆరనిచ్చి, గాలిలోనే 180 డిగ్రీల దగ్గర గంటసేపు కాల్చండి. గాలి ఇక్కడ తప్పనిసరి, ఎందుకంటే రెండు ధనావేశాల టిన్ నాలుగుకు మారడానికి ఆక్సిజన్ కావాలి.

హాట్ ప్లేట్ తెర మీద 180 అని ఉన్నంతమాత్రాన గాజు పైముఖం అంత వేడెక్కిందని నమ్మకండి. సన్నటి థర్మోకపుల్‌ను గాజు మీద ఆనించి కొలవండి. ప్లేట్ మధ్యలో ఒక వేడి, అంచున ఒక వేడి ఉంటాయి. 0% ముక్కలన్నీ మధ్యలో, 4% ముక్కలన్నీ అంచున పెడితే డోపంట్ ప్రభావం, వేడి ప్రభావం కలగాపులగం అయిపోతాయి. ముక్కలను కలిపి, చీటీ తీసినట్టు చోట్లు మార్చి పెట్టండి. గాజు వెనకవైపు వజ్రపు పెన్నుతో సంఖ్య గీసుకుంటే ఏది ఏదో తర్వాత చూసుకోవచ్చు. ఎఫ్‌టీవోతోపాటు ప్రతి శాతానికీ రెండు మామూలు గాజు ముక్కలు, ఒక సిలికాన్ ముక్క కూడా పూత వేసి దాచండి. వాటి అవసరం వెంటనే వస్తుంది.

సెల్ కట్టకముందు పొరను పరీక్షించడం

సెల్ కట్టాలన్న ఆత్రం ఇక్కడే అడ్డొస్తుంది. ఈ మెట్టు వదిలేస్తే చివర్లో సంఖ్యలు చేతికొస్తాయి కానీ వాటి వెనకున్న కారణం తెలియదు.

మొదట మందం. సిలికాన్ ముక్క మీద ఎలిప్సోమీటర్‌తో చూడండి. ఐదు శాతాల్లోనూ మందం దాదాపు ఒకేలా ఉండాలి. 4% ద్రావణం చిక్కబడి పొర 10 నానోమీటర్లు ఎక్కువ వస్తే స్పిన్ వేగం సరిచేసి మళ్లీ వేయండి.

తర్వాత ఎక్స్-రే డిఫ్రాక్షన్. దీన్ని ఎఫ్‌టీవో మీద చేయకండి. ఎఫ్‌టీవో అంటేనే ఫ్లోరిన్ డోప్ చేసిన టిన్ ఆక్సైడ్. మీ 30 నానోమీటర్ల పొర ఇచ్చే 26.6 డిగ్రీల పీక్ దాని అడుగున వందల నానోమీటర్ల ఎఫ్‌టీవో ఇచ్చే పీక్ కింద మునిగిపోతుంది. ఆ పీక్ జరిగిందని చూపించే గ్రాఫ్‌లు నమ్మదగ్గవి కావు. మామూలు గాజు మీద, తక్కువ కోణం ఎక్స్-రేతో కొలవండి. 180 డిగ్రీలకు కాల్చిన పొరలో పీక్‌లు వెడల్పుగా ఉంటాయి, స్ఫటికాలు చిన్నవి కాబట్టి. సన్నటి జరుగుబాటు మీద పెద్ద కథ అల్లకుండా, నయోబియం ఆక్సైడ్ వేరే దశగా కనబడిందా లేదా అన్నది మాత్రం చూసుకోండి.

డోపంట్ లోపలికి వెళ్లిందా పైకి తేలిందా అన్నది ఎక్స్‌పీఎస్ (ఎక్స్-రేతో ఉపరితలంలోని మూలకాలను గుర్తించే కొలత) చెబుతుంది. ఎక్స్‌పీఎస్ పైనున్న కొన్ని నానోమీటర్లనే చూస్తుంది. మీరు 1% వేస్తే అక్కడ 4% కనబడుతోందంటే డోపంట్ ఉపరితలానికి చేరుకుందన్నమాట. నయోబియం 3డీ (3d కక్ష్య) పీక్ 207 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర స్పష్టంగా వస్తుంది. యాంటిమొనీ వాడేవాళ్లు జాగ్రత్త: దాని 3డీ 5/2 పీక్ 530 ప్రాంతంలో, సరిగ్గా ఆక్సిజన్ 1ఎస్ పీక్ మీదే వచ్చి పడుతుంది. అది గమనించకుండా ఆక్సిజన్ పీక్‌ను ముక్కలు చేసి "ఆక్సిజన్ ఖాళీలు తగ్గాయి" అని రాస్తే అంతా తప్పే. 540 దగ్గర విడిగా కనబడే 3డీ 3/2 పీక్‌ను కొలిచి, దాన్నిబట్టి యాంటిమొనీ వాటాను తీసేయాలి. మామూలు నమూనాల్లో కూడా 531.5 దగ్గర కనబడే భుజం ఖాళీలదే అనుకోవద్దు, ఉపరితలానికి అంటుకున్న హైడ్రాక్సిల్ కూడా అక్కడే వస్తుంది.

పొరలో చిల్లులున్నాయేమో చూడటానికి ఖరీదైన మైక్రోస్కోపే అక్కర్లేదు. పొటాషియం ఫెర్రోసయనైడ్, ఫెర్రిసయనైడ్ ద్రావణంలో సైక్లిక్ వోల్టామెట్రీ (వోల్టేజీని పెంచి తగ్గిస్తూ కరెంటు కొలవడం) చేయండి. పూత లేని ఎఫ్‌టీవో మీద ఆక్సీకరణ, క్షయకరణ పీక్‌లు రెండూ నిండుగా వస్తాయి. చిల్లులు లేని ఎన్-రకం పొర మీద ఆక్సీకరణ పీక్ దాదాపు మాయమవుతుంది. డోపింగ్ శాతం పెంచుతుండగా ఆ పీక్ తిరిగి తలెత్తితే రెండు కారణాలుండవచ్చు. పొర చిట్లింది, లేదా డోపింగ్ ఎక్కువై పొర లోహంలా ప్రవర్తిస్తోంది. ఎస్ఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) బొమ్మతో ఏదో తేల్చుకోండి.

ఇక శక్తి స్థాయిలు. యూపీఎస్‌తో (అతినీలలోహిత కాంతితో ఎలక్ట్రాన్‌లను వెలికితీసి వాటి శక్తి కొలిచే పద్ధతి) వర్క్ ఫంక్షన్, వాలెన్స్ బ్యాండ్ అంచు తెలుస్తాయి, కాంతి శోషణతో బ్యాండ్ గ్యాప్ తెలుస్తుంది. రెండూ కలిపి కండక్షన్ బ్యాండ్ (ఎలక్ట్రాన్‌లు స్వేచ్ఛగా కదిలే శక్తి స్థాయిలు) అంచును అంచనా వేయవచ్చు. ఇది అంచనానే, ఎలక్ట్రాన్ వోల్టులో పదో వంతు అటూఇటూ పోతుంది. కండక్షన్ బ్యాండ్ పెరోవ్‌స్కైట్ కంటే బాగా కిందికి దిగితే ఎలక్ట్రాన్‌లు సులువుగానే దిగుతాయి కానీ వోల్టేజీ పోతుంది, సరిహద్దులో రీకాంబినేషన్ పెరుగుతుంది. మరీ పైకి పోతే ఎలక్ట్రాన్‌లకు గోడ అడ్డు నిలిచి, జే-వీ గీత ఎస్ ఆకారంలో వంకర తిరుగుతుంది. కొద్దిపాటి మిట్ట ఉంటే ఇబ్బంది లేదు, చాలాసార్లు అదే మంచిది. నేనైతే వాహకత సంఖ్య కన్నా ఈ పొంతనకే ఎక్కువ విలువిస్తాను.

వాహకత కొలవాలంటే మామూలు గాజు మీద ఫోర్ ప్రోబ్ వాడండి. ఎఫ్‌టీవో మీద కొలిస్తే మీరు కొలిచేది ఎఫ్‌టీవోనే. అలాగే మాట్-షాట్కీ కొలతలో (వోల్టేజీతో కెపాసిటెన్స్ మారే తీరు చూసేది) 30 నానోమీటర్ల పొర పూర్తిగా ఖాళీ అయిపోయి, పొర మందం ఇచ్చే కెపాసిటెన్స్ మాత్రమే కనబడుతుంది. దాన్నుంచి లాగిన ఎలక్ట్రాన్ సాంద్రతను నమ్మకూడదు.

సెల్ కట్టడం

పెరోవ్‌స్కైట్ రెసిపీని ఈ దశలో ముట్టుకోకండి. మీకు అలవాటైనదే వాడండి. ఇంకా ఏదీ స్థిరపడనివాళ్లకు 2016లో వచ్చిన ట్రిపుల్ కేటయాన్ (మూడు ధన అయాన్ల) మిశ్రమం మంచి ప్రారంభం: డీఎంఎఫ్, డీఎంఎస్ఓ ద్రావణులు 4:1 పాళ్లలో, ఫార్మమిడీనియం అయొడైడ్ 1 మోలార్, లెడ్ అయొడైడ్ 1.1, మిథైల్ అమ్మోనియం బ్రోమైడ్ 0.2, లెడ్ బ్రోమైడ్ 0.2, దానికి డీఎంఎస్ఓలో కరిగించిన సీసియం అయొడైడ్ 5% అయ్యేలా. పూతకు ముందు టిన్ ఆక్సైడ్‌ను మళ్లీ 15 నిమిషాలు యూవీ-ఓజోన్‌లో పెట్టి, ఆ వెంటనే వాడండి. పెరోవ్‌స్కైట్ స్పిన్ అవుతుండగా క్లోరోబెంజీన్ చుక్క వేసే క్షణం అన్ని ముక్కలకూ ఒకటే కావాలి. డీఎంఎఫ్ చర్మం గుండా లోపలికి పోతుంది, తనతోపాటు సీసాన్ని (లెడ్‌ను) కూడా తీసుకెళ్తుంది. గ్లవ్స్ మీద పడితే తుడుచుకుని ఊరుకోకండి, మార్చేయండి. సీసం కలిసిన వ్యర్థాలకు విడి డబ్బా పెట్టి, దాని మీద పేరు రాయండి.

కాల్చిన పెరోవ్‌స్కైట్ పొరలను పక్కపక్కన పెట్టి ఎస్ఈఎం, ఎక్స్-రే డిఫ్రాక్షన్ తీయండి. డోపంట్ వల్ల ఉపరితలం మీద ద్రావణం పరుచుకునే తీరు మారుతుంది, దాంతో స్ఫటికాల పెరుగుదల మారుతుంది. 14.1 డిగ్రీల దగ్గర పెరోవ్‌స్కైట్ పీక్, 12.7 దగ్గర లెడ్ అయొడైడ్ పీక్. రెండింటి నిష్పత్తి 0%లో ఒకలా, 2%లో మరోలా ఉంటే, సామర్థ్యంలో తేడాకు ఎలక్ట్రాన్ రవాణా ఒక్కటే కారణమని చెప్పలేరు. నిజాయతీగా రెండూ రాయాలి.

కొలతలు, వాటి అర్థం

ఎలక్ట్రోడ్ కన్నా చిన్న కిటికీ ఉన్న లోహపు మాస్క్ వాడండి. రెండు దిశల్లోనూ స్కాన్ చేయండి, స్కాన్ వేగం రాసుకోండి. తర్వాత గరిష్ఠ శక్తి బిందువు దగ్గర కనీసం ఐదు నిమిషాలు నిలిపి, అక్కడ స్థిరపడిన సామర్థ్యాన్నే అసలు సంఖ్యగా తీసుకోండి. బాహ్య క్వాంటం సామర్థ్యం (పడిన ఫోటాన్‌లలో ఎన్ని ఎలక్ట్రాన్‌లుగా బయటికొచ్చాయో చెప్పేది) నుంచి లెక్కేసిన కరెంటు, జే-వీలో వచ్చిన కరెంటు 5% లోపు కలవాలి.

1.6 ఎలక్ట్రాన్ వోల్టుల గ్యాప్ ఉన్న పెరోవ్‌స్కైట్‌కు కరెంటు సైద్ధాంతిక హద్దు చదరపు సెంటీమీటరుకు సుమారు 25 మిల్లీ ఆంపియర్లు. మంచి సెల్‌లు ఇప్పటికే దానికి దగ్గర్లో ఉన్నాయి. కాబట్టి డోపింగ్ చేయగానే కరెంటు ఏకంగా 2 మిల్లీ ఆంపియర్లు పెరిగితే సంబరపడకుండా మాస్క్‌నూ, దీపాన్నీ, పెరోవ్‌స్కైట్ మందాన్నీ తనిఖీ చేయండి. నిజమైన లాభం వోల్టేజీలో, ఫిల్ ఫ్యాక్టర్‌లో కనబడాలి.

ఫోటోల్యూమినిసెన్స్‌ను (కాంతి పడినప్పుడు పదార్థం తిరిగి వెదజల్లే వెలుగును) చదవడంలో చాలామంది బోల్తా పడతారు. ఎలక్ట్రాన్ పొర మీద పెరోవ్‌స్కైట్ వెలుగు తగ్గితే "ఎలక్ట్రాన్‌లు త్వరగా లాగబడుతున్నాయి" అని రాస్తారు. కానీ సరిహద్దులో రీకాంబినేషన్ పెరిగినా వెలుగు అలాగే తగ్గుతుంది. రెండింటినీ వేరు చేయాలంటే ఓపెన్ సర్క్యూట్ స్థితిలో వెలుగు క్వాంటం దిగుబడిని సంఖ్యగా కొలవాలి. గది ఉష్ణోగ్రత దగ్గర ఆ దిగుబడి పదింతలు తగ్గితే సుమారు 60 మిల్లీవోల్టులు పోతాయి. డోపింగ్ తర్వాత దిగుబడి మూడింతలు పెరిగిందా? దాదాపు 28 మిల్లీవోల్టులు పెరగాలి. సెల్‌లో కూడా అంతే పెరిగితే మీ వివరణ నిలబడినట్టే. వెలుగు పెరగకుండా వోల్టేజీ మాత్రమే పెరిగితే శక్తి స్థాయిల పొంతన వైపు చూడండి.

ఫలితాలను ఒక్క ఛాంపియన్ సెల్‌తో చెప్పకండి. ప్రతి శాతానికీ కనీసం పన్నెండు సెల్‌లు, రెండు మూడు వేర్వేరు బ్యాచ్‌ల నుంచి ఉండాలి. చుక్కలన్నీ గ్రాఫ్ మీద పెట్టండి. సాధారణంగా శాతం పెంచుతుంటే కొంతదాకా పెరిగి, ఆపైన దిగిపోతుంది. డోపంట్ మరీ ఎక్కువైతే అదే చెదరగొట్టే కేంద్రంగా మారుతుంది, ఉపరితలానికి తేలుతుంది, వేరే దశగా విడిపోతుంది. 0.5% నుంచి 4% దాకా అన్నీ ఒకేలా బాగుపడితే మాత్రం డోపంట్ మోతాదుతో సంబంధం లేని కారణం ఏదో పనిచేస్తోంది. 0% సీసాకు జరగనిది మిగతా నాలుగింటికీ ఏం జరిగిందో వెనక్కి వెళ్లి చూడండి.

నిలకడ

సెల్ నిలకడ పరీక్షల కోసం 2020లో వచ్చిన ఐసాస్ ఏకాభిప్రాయ నియమావళిలో మీ పరికరాలకు కుదిరే స్థాయి ఎంచుకుని ఆ పేరు రాయండి. ఏ దీపం వాడారో కూడా రాయండి. తెల్లటి ఎల్‌ఈడీలో అతినీలలోహిత కాంతి ఉండదు. దాని కింద టైటానియం ఆక్సైడ్ సెల్ వందల గంటలు బాగానే నిలబడవచ్చు, నిజమైన ఎండలో అదే సెల్ కూలిపోవచ్చు. డోపింగ్ వల్ల అతినీలలోహిత నిలకడ వచ్చిందని చెప్పదలిస్తే ఆ కాంతి ఉన్న దీపం కిందే పరీక్షించాలి. లిథియం లాంటి చిన్న అయాన్ వాడినవాళ్లు పాత సెల్ మీద లోతు ప్రొఫైల్ కూడా తీయించండి. అది అడుగు పొరలోనే ఉందా, పెరోవ్‌స్కైట్ దాటి ఎలక్ట్రోడ్ దాకా నడిచిందా అన్నది అక్కడ తెలుస్తుంది.

పీ-ఐ-ఎన్ సెల్ చేసేవాళ్లకు

మీ సెల్‌లో ఎలక్ట్రాన్ పొర పెరోవ్‌స్కైట్ పైన ఉంటుంది కాబట్టి 180 డిగ్రీల కాల్పు కుదరదు, ఇథనాల్, నీళ్లు కూడా కుదరవు. ఇక్కడ పీసీబీఎంను (ఎలక్ట్రాన్‌లను మోసే ఫుల్లరీన్ రకం పదార్థాన్ని) ఎన్-డీఎంబీఐ లాంటి సేంద్రీయ డోపంట్‌తో క్లోరోబెంజీన్‌లో కలిపి వేయడం తేలిక. మోతాదును బరువు శాతంలో, 1% లోపే మొదలుపెట్టండి. స్టాక్ ద్రావణం ఉపాయం, 0% సీసా నియమం, చోట్లు మార్చే పద్ధతి అన్నీ యథాతథంగా పనికొస్తాయి. ఫుల్లరీన్‌ను ఆవిరి పద్ధతిలో వేసేవాళ్లు దాని మీద అటామిక్ లేయర్ డిపోజిషన్‌తో (ఆవిరులను వంతులవారీగా పంపి పలుచటి పొరలు పేర్చే పద్ధతి) టిన్ ఆక్సైడ్ వేయవచ్చు, 100 డిగ్రీల దగ్గరే పూర్తవుతుంది. ఆ పొరను డోప్ చేయాలంటే టిన్ సైకిల్స్ మధ్యలో డోపంట్ సైకిల్ ఎన్నింటికి ఒకటి చొప్పున దూర్చారో ఆ నిష్పత్తినే మోతాదుగా రాసుకోండి. పొరలోకి నిజంగా వెళ్లిన శాతం దానికి సమానం కాకపోవచ్చు, దాన్ని సిలికాన్ ముక్క మీద ఎక్స్‌పీఎస్‌తో విడిగా కొలవాలి.